హాట్ ప్రెస్‌లో గిటారు

ఐర్లండ్‌లో అలమారాని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ సిలిండర్ ఉన్న అలమారా హాట్ ప్రెస్. కట్టినవాళ్ళు తువ్వాళ్ళు ఆరబెట్టుకోమని కట్టారు గానీ, దాని అసలు ప్రయోజనం దోసెల పిండి పులియబెట్టడమని మా ఊరు లూకన్‌లో ఉండే తెలుగువాళ్ళందరికీ తెలుసు. బయట జూలైలో కూడా ఎముకలు కొరికే చలి. ఆ తలుపు తీస్తే మాత్రం లోపల రాజమండ్రి, మే నెల, మిట్టమధ్యాహ్నం.

మా ఆవిడకి కిల్కెన్నీలో ఆస్పత్రి ల్యాబ్ ఉద్యోగం వచ్చి, అక్కడే గది అద్దెకి తీసుకుని వెళ్ళాక, హాట్ ప్రెస్‌లో ఆవిడ స్వెటర్లు ఉండే చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీని చూడలేక నా గిటారుని అక్కడ నిలబెట్టాను. పైకి చెప్పుకున్న కారణం వేరే. గోడలకి చెమ్మ, గిటారుకి బూజు పడుతుందేమోనని. పిండిగిన్నె పక్కన, సిలిండర్‌ని ఆనుకుని, కొత్తల్లుడిలా కొలువుదీరింది.

ఆవిడ ఇంటికొచ్చిన శనివారం సాయంత్రం నేను వాయించడం, ఆవిడ పాడడం మా ఇంటి ఆచారం. అసలు మేమిద్దరం కలిసి చేసే పని అదొక్కటే మిగిలింది. తక్కిన సంభాషణంతా చెత్తబుట్ట బయట పెట్టారా, పాలున్నాయా. ఈమధ్య డ్యూటీలన్నీ వారాంతాల్లోనే పడి అదీ ఆగిపోయింది. చివరికి ఓ రోజు ఫోన్ చేసి, "ఈ శనివారం వస్తున్నానండీ, గిటారు దుమ్ము దులపండి" అంది. ఆ ఒక్క వాక్యాన్ని నేను లీక్స్‌లిప్‌లోని మా కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లటి ముసుగు తొడుక్కుని వారమంతా నెమరేసుకున్నాను.

గురువారం ఇంటికి రాగానే గిటారు బయటికి తీశాను. తీగ మీటితే కందిరీగల పెళ్ళి ఊరేగింపు వినబడింది. ఇంకో తీగ మీటాను. బ్యాండు మేళం కూడా కలిసింది.

గిటారు మెడ లోపల, పైకి కనబడకుండా, ఓ ఇనప కడ్డీ ఉంటుంది. ట్రస్ రాడ్ అంటారు. తీగలు మెడని ముందుకి లాగుతుంటే, అది వెనక్కి లాగుతుంది. ఇద్దరి లాగుడూ సరిపోయినంతకాలం సంసారం సవ్యంగా సాగుతుంది. దాన్ని బిగించడానికీ వదులు చెయ్యడానికీ ఓ మర ఉంటుంది. మోతపెట్టే వస్తువు ఏదైనా సరే, మన వంశంలో ఒకటే వైద్యం: బిగించెయ్యడం. బిగించాను. కందిరీగలు మేనమామల్ని కూడా పిలుచుకున్నాయి.

శుక్రవారం గిటారుని భుజాన వేసుకుని ఊళ్ళో గిటార్ల షాపుకి పరిగెత్తాను. షాపాయన మెడ వెంబడి ఒంటికన్నుతో, తుపాకీ గురిపెట్టినట్టు చూశాడు.

"ఎక్కడ పెట్టావయ్యా దీన్ని?"

"హాట్ ప్రెస్‌లో."

"ఇస్త్రీ కూడా చేశావా?"

"లేదు. దోసెల పిండి పక్కన పెట్టాను."

ఆయన గిటారుని బల్ల మీద పడుకోబెట్టాడు. "పిండి పొంగిందా?"

"బ్రహ్మాండంగా."

"అయితే ఒకటన్నా గ్రాండ్‌గా ఉంది."

వేడికి కర్ర ఎండిపోయి మెడ వెనక్కి విరుచుకుందట. అందుకే తీగలు మెట్లకి తగులుతున్నాయి. చెయ్యాల్సింది బిగించడం కాదు, వదలడం. పావు తిప్పు వదలాలి, మర్నాటి దాకా ముట్టుకోకూడదు. చాలకపోతే ఇంకో పావు, మళ్ళీ మర్నాడు.

"నాకు రేపు సాయంత్రానికి కావాలి" అన్నాను.

"ఆ సంగతి కర్రకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అన్నాడు.

ఇంటికొచ్చి స్నానం చేశాను. తలుపులు వేశాను. ఫోన్ కట్టేశాను. శివధనుస్సు ఎత్తేముందు రాములవారు కూడా అంత సన్నాహం చేసి ఉండరు. మర తిప్పే అలెన్ కీ దూర్చి, ఊపిరి బిగబట్టి, పావు తిప్పు వదిలాను. భూమి తన ఇరుసు మీద అంతమేర ఒరిగినట్టనిపించింది. తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. కుర్చీలో ఓ వైపు గిటారూ, సోఫాలో ఇంకో వైపు నేనూ, సంబంధం కుదరని పెళ్ళిచూపుల్లా కూర్చున్నాం.

శనివారం ఆవిడ వచ్చింది. బూట్లు విప్పుతూనే, "ఏమండీ, వాయిస్తారా?" అంది. మీటాను. మేనమామలు వెళ్ళిపోయారు గానీ పెళ్ళివారు ఇంకా ఉన్నారు.

"ఇంకో పావు వదలాలి. రేపటికి సర్దుకుంటుంది."

"రేపు పొద్దున్నే నా రైలండీ."

"గిటారుకి ఆ సంగతి తెలీదుగా."

"మీకు తెలుసుగా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను రెండో పావు వదిలి, దోషిలా హాల్లోనే కూర్చున్నాను. పెనం మీద దోసె చుయ్యిమంది. వెంటనే వంటింట్లోంచి పాట మొదలైంది, మా పాటే. కానీ నేనెప్పుడూ వినని ఎత్తులో. గొంతు హాయిగా, ఎక్కడా తడుముకోకుండా, పైకప్పుకి ఆవల ఎక్కడో తిరుగుతోంది. గుమ్మంలో నిలబడిపోయాను.

"అంత శ్రుతిలో పాడుతున్నావేంటి?"

"నా శ్రుతి ఇదేనండీ."

"మరి ఇన్నేళ్ళూ?"

"మీ వేళ్ళు అక్కడి దాకా రావుగా. నేనే దిగొచ్చేదాన్ని." దోసె తిరగేసింది. "కిల్కెన్నీలో రోజూ ఇలాగే పాడుకుంటాను."

"ఎవరికి?"

"రైస్ కుక్కర్‌కి. అది ఎప్పుడూ అడ్డు చెప్పదు."

ఇద్దరం నవ్వాం. నేను మాత్రం ఒక్క దోసెతో లేచాను. నన్ను విడిచి వెళ్ళాక ఆవిడ పాట ఆగిపోయిందనుకున్నాను. అది అక్కడ అంత ఎత్తున, నేను లేకుండా, నిక్షేపంగా సాగుతోంది.

ఆదివారం ఆవిడని రైలెక్కించి వచ్చి గిటారు మీటాను. గంట కొట్టినట్టు మోగింది. ఒక్క కందిరీగ లేదు. శ్రుతి పెంచడానికి మెడకి బిగించే కేపో అనే పట్టీ ఒకటి సొరుగులో ఎప్పటినుంచో పడి ఉంది. దాన్ని రెండో మెట్టు మీద తగిలించి, ఆవిడకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"ఇదేనా నీ శ్రుతి?"

"బాగైందా! ఇంకాస్త పైకండీ."

జరిపాను.

"ఇంకాస్త..."

"పాడరాదూ ఓ ముక్క."

"చుట్టూ జనం ఉన్నారు బాబూ. మీరు వాయించండి, నేను వింటా—"

సిగ్నల్ పోయింది. ఆ దారిలో పొలాల మధ్య ఎప్పుడూ పోతుంది. నేను పట్టీని ఇంకో మెట్టు పైకి జరిపాను. అక్కడ మెట్లు ఇరుకై వేళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటుండగా, ఆవిడ గొంతు రావలసిన చోటల్లా కాస్త ఆగుతూ, మొదటి నుంచి వాయించడం మొదలుపెట్టాను.