ఒత్తు లేని మాట

ఎవరూ నన్ను ఆ ఇంట్లోంచి లాక్కొచ్చి కొత్తింట్లో పడేయలేదు. కొత్తిల్లు కావాలని పోరింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నా మీద జాలిపడక్కర్లేదు.

రాయపూర్‌లో గుఢియారీలో, రైలు పట్టాలకి దగ్గరగా, మూడో అంతస్తులో ఉండేది మా ఫ్లాటు. ఇక్కడ కొత్త రాష్ట్రం వచ్చిన యేడు అందులో దిగాం. అంతకుముందు వరస గదుల్లో కాపురం. ఆరు కొంపలకి ఒకటే కుళాయి. గోడవతల ఎవరు దగ్గినా మన ఇంట్లో దగ్గినట్టే ఉండేది. ఫ్లాటులోకి వచ్చిన మొదటిరోజు తలుపు గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకున్నాను.

"ఏటే, గడియ అరిగిపోద్ది" అన్నాడు మా ఆయన.

"అరగనీ" అన్నాను. నలభై ఐదేళ్ళొచ్చాక నాకంటూ దొరికిన మొదటి గడియ అది.

మా ఆయనది సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీ పని. తెల్లచొక్కాతో వెళ్ళి నల్లచొక్కాతో వచ్చేవాడు. ఆ నలుపు ఆయన వెంటే కాదు, గాలి వెంట కూడా వచ్చేది. పొద్దున్న తుడిచిన బాల్కనీ పిట్టగోడ సాయంత్రానికి పెనం అడుగులా ఉండేది. దాన్ని తిట్టని రోజు లేదు.

ఎదురు ఫ్లాటులో ఒక రైల్వే గార్డు, ఆయన భార్య ఉండేవారు. వాళ్ళది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం వైపు. బిల్డింగు మొత్తంలో తెలుగువాళ్ళం మా రెండిళ్ళ వాళ్ళమే. గార్డుగారు ఎప్పుడూ లైను మీదే. ఆమె నాకంటే ఆరేళ్ళు చిన్న, అయినా నేను ఆమెని వదినా అనేదాన్ని, ఆమె నన్ను వదినా అనేది. వదినని ఎంత మాటన్నా చెల్లుతుంది కదా, అందుకు.

సాయంత్రం ఆరయ్యేసరికి రెండు తలుపులూ తీసి, ఎవరి గుమ్మంలో వాళ్ళం కత్తిపీట ముందేసుకుని కూర్చునేవాళ్ళం.

"ఏటి కూర, వదినా?"

"బెండకాయ."

"నిన్నా అదే. మా అన్నయ్య ఆ జిగురుతోనే రైలుకి అంటుకుపోతాడు ఎప్పుడో."

"నువ్వు పెట్టే ముదురు వంకాయ తిని మా అన్నయ్య సిల్తారా దాకా నడవగలుగుతున్నాడంటే అదీ గొప్పే."

ఇంతే. ఇంతకంటే పెద్ద సంగతులేవీ మాట్లాడుకున్న గుర్తు లేదు. మధ్యలో రైలు వస్తే ఇద్దరం నోరు మూసుకునేవాళ్ళం. గిన్నెలు గలగలలాడేవి, మాట వినపడేది కాదు. రైలు పోయాక ఆపిన మాట దగ్గరే అందుకునేవాళ్ళం.

అక్కడ కొన్నేళ్ళు గడిచాక ఒక సాయంత్రం గూడ్సు బండి పోతోంది. నేను ఆగాను. ఆమె ఆగలేదు. పెదాలు కదుపుతూ, కాకరకాయ గీస్తూ చెప్పుకుపోతోంది. ఆ బండి ఆమెకి వినపడటం లేదు. కత్తిపీట మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆస్పత్రులకి తిరిగారు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి తెచ్చారు. అది ఈలలు వేస్తుంటే ఆమె తీసి డబ్బాలో పెట్టేసింది. ఏడాది తిరిగేసరికి ఆమెకి ఏమీ వినపడలేదు. నేను అరిచేదాన్ని. మా ఇంట్లో ఏం కూరో కింద కిరాణా కొట్టువాడికి కూడా తెలిసేది, ఎదురుగా ఉన్న ఆమెకి మాత్రం తెలిసేది కాదు.

ఒకరోజు ఆమె లోపలికెళ్ళి ఒక పలకా బలపమూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అరవకు వదినా, ఒళ్ళు మండుతోంది. రాయి."

నాకు వేలిముద్ర తప్ప ఏదీ రాదని ఆమెకి తెలుసు. బొటనవేలు ఎత్తి చూపించాను. "ఆ వేలు పక్కన ఇంకా నాలుగున్నాయిగా" అంది.

యాభై దాటాక ఆమె రాసిచ్చిన అక్షరాలు దిద్దాను. సిగ్గేసి పలక మీద ముందు దిద్దలేదు. పొద్దున్నే బాల్కనీలో, సిల్తారా నలుపు మీద వేలితో దిద్దేదాన్ని. అ, ఆ. తప్పయితే అరచేత్తో ఒక్క తుడుపు. అన్నాళ్ళూ తిట్టిన దుమ్ము అలా పనికొచ్చింది.

సాయంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను రాసేదాన్ని, ఆమె నోటితో జవాబు చెప్పేది. చెప్పేముందు నా తప్పులు దిద్దేది. నేను "ఏటి కూర" అని రాస్తే కొట్టేసి "ఏమిటి కూర" అని రాసేది.

"మాట్లాడేది ఏటి. రాసేది ఏమిటి ఎందుకవుద్ది?" అని విసుక్కునేదాన్ని. ఆమెకి వినపడదు, నా మొహం చూసి నవ్వేది.

ఒత్తులు నాకు శత్రువులు. కింద ఏది తగిలించాలో, ఎటు తిప్పాలో తెలిసేది కాదు. ఒత్తుతో నాకు బాగా వచ్చిన మొదటి మాట "తప్పు". నా పలక మీద ఆమె అన్నిసార్లు రాసింది మరి.

రాత్రి వంటకి లేచేటప్పుడు నేను "పోతా" అని రాసి లేచేదాన్ని. ఆమె లెంపలేసుకునేది. "పోతా ఏటి వదినా, దీపాలు పెట్టే వేళ! వెళ్ళొస్తా అని రాయి." కోపం వస్తే ఆమెకీ ఏటి అనే వచ్చేది. వెళ్ళొస్తా అంటే ఎంత పని. ళ కింద ఇంకో ళ, స కింద త, పైన ఎత్వం, ఒత్వం, దీర్ఘం. పోతా అయితే రెండక్షరాలు, ఒత్తు లేదు. నేను పోతా అనే రాసేదాన్ని, ఆమె రోజూ తిట్టేది.

రాత వచ్చిన పొగరుతో ఒకసారి ఊరెళ్తూ పాలవాడికి "పాలు వద్దు" అని రాసి తలుపుకి అంటించాను. వచ్చాక చూస్తే గుమ్మంలో నాలుగు ప్యాకెట్లు, అన్నీ విరిగిపోయి. వాడొచ్చి ఆ కాగితం చూపించి, "కా లిఖే హవ దాయీ?" అన్నాడు. ఏం రాశావమ్మా అని. ఏదో దేవుడి మంత్రం అనుకుని దండం పెట్టుకుని పాలు పెట్టేవాడట. మా ఆయన మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"రాయపూర్ మొత్తంలో నీ రాత చదివేది ఎదురింటావిడ ఒక్కర్తే" అన్నాడు.

నిజమే. హిందీ అక్షరాలు నాకు రావు. ఆటో మీద, బస్సు మీద ఏం రాసుందో ఇప్పటికీ తెలీదు.

మా ఆయన మోకాళ్ళు అరిగాయి. లిఫ్టు లేదు. శంకర్ నగర్ దాటి అవతల స్థలం కొన్నాం, నేలమీద ఇల్లు మొదలుపెట్టాం. నాకు పెరడు కావాలి, తులసికోట కావాలి, నా సొంత కుళాయి కావాలి. పోరి పోరి కట్టించుకున్నాను. బిల్డింగులో అందరికీ తెలుసు. మెట్ల మీద అడిగారు, చెప్పాను. చెవులున్న ప్రతివాడికీ ఆ సంగతి చేరింది.

ఆమెకి చేరాలంటే నేను రాయాలి.

రాయలేదు. "కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం" అనే ముక్కలో ఎన్ని ఒత్తులున్నాయో లెక్కేసుకుని, రేపు రాద్దాంలే అనుకునేదాన్ని. ఒత్తులు అడ్డం కాదు. ఆమె మొహం చూడాల్సి వస్తుందని. ఏడాదిపాటు రోజూ ఆమె ఎదురుగా కూర్చుని బెండకాయ గురించి రాశాను. గార్డుగారు నేను చెప్పే ఉంటానని ఊరుకున్నాడు.

ఇల్లు మారే రోజు పొద్దున్న లారీ వచ్చింది. మంచాలు మెట్ల మీంచి దిగుతున్నాయి. ఆ చప్పుడు ఆమెకి వినపడలేదు. పాలప్యాకెట్టు కోసం తలుపు తీసి, మా బీరువాని నలుగురు మోసుకెళ్తుంటే చూసింది. గుమ్మంలో నిలబడిపోయింది.

ముహూర్తం దగ్గరపడుతోంది, అక్కడికెళ్ళి పాలు పొంగించాలి. నా ఒక చేతిలో దేవుడి పటం, ఒక చేతిలో ఉప్పు జాడీ. కింద డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పటాన్ని గోడకి ఆనించి, జాడీ కింద పెట్టి, ఆమె గుమ్మానికి వేలాడుతున్న పలక అందుకున్నాను. వెళ్ళొస్తా అని రాద్దామనే బలపం పట్టాను. వె రాశాను. ళ కింద ఒత్తు ఎటు తిప్పాలో గుర్తు రాలేదు. తుడిచేశాను. మళ్ళీ హారన్. చేతికి ఏది వస్తే అది రాశాను.

పోతా.

ఆమె పలక తీసుకుంది. తిడుతుందనుకున్నాను. ఆమెకి నోరుంది, చక్కగా మాట్లాడుతుంది. అయినా ఆ రోజు నోరు తెరవలేదు. బలపం తీసుకుని నా రెండక్షరాల పక్కన ఇంకొకటి చేర్చి, ప్రశ్న గుర్తు పెట్టింది.

పోతావా?

నేను దేవుడి పటం ఎత్తుకుని మెట్లు దిగిపోయాను.

కొత్తింట్లో పాలు పొంగాయి. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. పెరటి గోడ పొద్దున్న తుడిస్తే సాయంత్రానికీ తెల్లగానే ఉంది, వేలితో గీద్దామన్నా ఏమీ లేదు. రైలు లేదు. ఆరు గంటలకి కత్తిపీట ముందేసుకుని వీధి గుమ్మంలో కూర్చుంటే ఎదురుగా ఎవరిదో గేటు, దానికి తాళం. ఫోను చేద్దామంటే ఆమెకి వినపడదు. కార్డు రాద్దామంటే, ఏం కూర అని అడిగి జవాబొచ్చేసరికి ఆ కూర తిని అరిగిపోయి నాలుగు రోజులవుతుంది. రోజూ మాట్లాడుకునే మాటలు టపాలో పంపేవి కావు.

ఒకరోజు ముగ్గు వేద్దామని వాకిట్లో కూర్చుని, ముగ్గుపిండితో వెళ్ళొస్తా అని రాశాను. మూడుసార్లు చెరిపి నాలుగోసారికి అన్ని ఒత్తులూ కుదిరాయి. పక్కింటావిడ గేటు మీంచి తొంగి చూసి, "కిత్నీ సుందర్ రంగోలీ, ఆంటీ!" అంది, ముగ్గు ఎంత బాగుందో అని. చీపురు తెచ్చి ఊడ్చేశాను. లోపలికెళ్ళి మా ఆయనతో, "నన్ను గుఢియారీ తీసుకెళ్ళండి" అన్నాను.

"మరిచిపోయిన సామానేదైనా ఉందా?"

"ఉంది."

ఆటో కింద ఆపించి, మోకాళ్ళ వల్ల ఆయన అక్కడే ఉండిపోయాడు. మూడంతస్తులూ ఎక్కాను. మా ఫ్లాటు తలుపు మీద కొత్తవాళ్ళ తోరణం. లోపల ఎవరో నా గడియ పెట్టుకున్నారు. ఎదురు తలుపు వేసుంది, గుమ్మానికి పలక లేదు. బెల్లు కొట్టి లాభం లేదు, తలుపు బాది లాభం లేదు. ఇదివరకు తలుపు వేసుంటే కాగితం కిందనుంచి తోసేదాన్ని, ఊడుస్తూనో తిరుగుతూనో ఆమె చూసేది.

సంచిలోంచి కాగితం తీశాను. ఏం రాయాలో ఆటోలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను, బోలెడు ముక్కలు. అవేవీ రాయలేదు. నాకు ఒత్తుతో బాగా వచ్చిన మాట ఒక్కటే రాశాను.

తప్పు.

తలుపు కింద తోసి, మెట్టు మీద కూర్చున్నాను. ఒక రైలు వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది. కాగితం కొస బయటికే కనిపిస్తోంది. లేచి పోదామా అనుకుంటుండగా ఆ కొస లోపలికి జరిగిపోయింది. తర్వాత అదే కాగితం తలుపు కిందనుంచి బయటికి వచ్చింది. నా తప్పు కింద ఆమె గుండ్రటి రాత. ఏమిటి అని రాయకపోతే ఊరుకోని మనిషి రాసింది.

ఏటి కూర?

తలుపు తీశాక తిట్టింది. ఎంత తిట్టిందో ఇక్కడ రాయను. బెండకాయ కూర పెట్టింది.

నెలకి రెండుసార్లు, మా ఆయన తీసుకెళ్తే వెళ్తాను. వచ్చేటప్పుడు వెళ్ళొస్తా అనే రాస్తాను, ఆటోవాడు ఎన్ని హారన్లు కొట్టినా. మిగతా రోజులు ఆరు గంటలకి నా పెరట్లో, నా కుళాయి పక్కన కూర్చుని కూర తరుగుతాను. ఏం వండుతున్నానో ఎవరూ అడగరు. మా ఆయన తింటాడు, అడగడు.

ఇవాళ వంకాయ. కాస్త ముదురే.