గంగారాం తాత రాసిన ‘మంచి రంగు’

1988 వేసవిలో, ఆర్మూర్ బస్టాండు వెనుక ఉన్న ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. డిప్లొమా చేతికొచ్చి అప్పటికి నెల. అక్కడి హోదాల వరుస ఇది: డాక్టరు గారు, నర్సమ్మ, కాంపౌండరు, నేను. నా కింద సూదులు మరిగించే డబ్బా ఒక్కటే ఉండేది. ఏ పనినైనా అంశాలుగా విడగొట్టి, నంబర్లు వేసి కాగితం మీద పెట్టడం నాకు అలవాటు. జరిగినదానికి ఆ అలవాటే మూలం.

చేరిన రెండో వారంలో లత అనే ఎనిమిదేళ్ల పిల్లకు షుగరు ఉందని తేలింది. పిల్లలకు వచ్చే రకానికి మాత్రలు పనిచేయవు, రోజూ ఇన్సులిన్ వేయాల్సిందే. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి పురిటికని ముప్కాల్‌లోని పుట్టింట్లో ఉంది. పిల్ల భారం తాత గంగారాం మీద, నానమ్మ లచ్చవ్వ మీద పడింది. లచ్చవ్వ బీడీలు చుట్టేది, వేళ్లు చురుకు. సూది వేయడం సొరకాయ మీద మూడు రోజులు నేర్చుకుని, నాలుగో రోజు పిల్లకు వేసింది. ఆ సొరకాయను మాత్రం కూర వండనివ్వలేదు, దానికి మందు ఎక్కిందని.

అప్పట్లో ఇంట్లో రక్తం చూసుకునే మిషన్లు మా వైపు లేవు. మూత్రంలో చక్కెర చూసేవాళ్లం. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి, రెండు నిమిషాలు మరిగించి, చల్లారాక రంగు చూడాలి. నీలం అలాగే ఉంటే చక్కెర లేదు. చక్కెర పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు వస్తుంది. రంగుల పట్టీ మా దగ్గర ఒక్కటే ఉండేది, అది ల్యాబ్ గోడ దిగేది కాదు. అందుకని పదకొండు అంశాలతో ఒక కాగితం రాసిచ్చాను, ఫలితాలు రాయడానికి ఒక పుస్తకం కూడా ఇచ్చాను. తొమ్మిదో అంశం: ‘రంగు మంచిగా ఉందో లేదో పుస్తకంలో రాయాలి.’

రంగుల వరుస నోటితో చెప్పబోతే గంగారాం తాత ఆపేశాడు. “రంగు సంగతి నాకు చెప్పకు సారూ. ముప్పై ఏండ్ల సంది గదే పని.”

నిజమే. ఆయన మార్కెట్‌లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి వ్యాపారి దగ్గర పసుపు నాణ్యత చూసే మనిషి. కొమ్మును విరిచి, విరిగినచోట రంగు చూసి రకం చెప్పేవాడు. చదివిన నాకంటే రంగులు తెలిసినవాడు దొరికాడని నేను సంతోషించి, చెప్పాల్సిన అంశాన్ని చెప్పినట్టుగా టిక్కు పెట్టుకున్నాను.

ప్రతి సోమవారం పుస్తకం వచ్చేది. మొదటి వారం చాలా గళ్లు ఖాళీ. మరిచిపోయారనుకున్నాం. రెండో వారం ‘మంచి రంగు’ అని ఏడుసార్లు. మూత్రంలో చక్కెర అసలు లేదంటే ఇన్సులిన్ ఎక్కువై పిల్ల కళ్లు తిరిగి పడిపోవచ్చునని డాక్టరు గారు రెండు యూనిట్లు తగ్గించారు. మూడో వారం ‘మస్తు రంగు’. మరో రెండు తగ్గించారు. నాలుగో వారం ‘ఈ ఏడు ఇసుంటి రంగు సూడలే’. డాక్టరు గారు ఆ పేజీని నర్సమ్మకు చూపించి, శ్రద్ధ అంటే ఇదీ అన్నారు.

ఆ గురువారం ద్రావణం సీసా ఇద్దామని నేనే అడ్తి దుకాణానికి వెళ్లాను. పసుపు కుప్పల మధ్య గంగారాం తాత గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. చుట్టూ ముగ్గురు ఖరీదుదారులు.

“గిదేం సరుకు గంగన్నా, ఏ ఊరిది?”

“మా ఇంటిదే.”

“జర ఎర్ర కొడుతుంది. ఉడకవెట్టుడు ఎక్కువైనట్టుంది.”

“రెండు నిమిషాలే ఉడకవెట్టిన. సారు చెప్పిన లెక్కనే.”

గొట్టంలో ఉన్నది ఇటుక రంగు.

నీలం ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాను. “మొదట్ల వచ్చింది సారూ. రంగు రాలేదంటే సరుకు రానట్టే గదా, ఏం రాస్తం? ఖాళీగ ఇడిసిపెట్టిన. పిల్లకు బలం లేకనే రంగు వస్తలేదని పూటకు రెండు ముద్దలు ఎక్కువ తినిపిచ్చిన. అప్పటిసంది ఒకటే రంగు.”

పసుపు కొమ్ము విరిస్తే ముదురు నారింజ కనిపించడమే మేలురకం గుర్తు. ఆయన ముప్పై ఏళ్ల అనుభవం ఎక్కడా తప్పలేదు.

ఇద్దరం ఇంటికి పరుగెత్తాం. లత గడపలో పడుకుని ఉంది, పక్కన నీళ్ల చెంబు. “కుండెడు నీళ్లు తాగుతుంది, బక్కగైంది అని మొత్తుకుంటున్న సారూ,” అంది లచ్చవ్వ. “రంగు మంచిగుంది, నువ్వు ఊకోవే అంటడు గీయన.”

పిల్లను ఎత్తుకుని నర్సింగ్ హోమ్‌కు తెచ్చాం. మూత్రం పరీక్షిస్తే కీటోన్లు కనిపించాయి. చక్కెర వాడుకోలేని శరీరం కొవ్వును కాల్చుకుంటుంటే అవి వస్తాయి, రక్తం పులుస్తుంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే స్పృహ పోయేదని డాక్టరు గారు అన్నారు. సెలైను ఎక్కించి, గంటలు లెక్కపెట్టి ఇన్సులిన్ ఇచ్చారు. మంచి చెడు రాయమని ఎవరు చెప్పారని అడిగారు. నేనేనని చెప్పాను. ఆయన పుస్తకం నా చేతిలో పెట్టారు.

మూడో రోజు గొట్టంలో నీలం నిలిచింది. గంగారాం తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నువ్వు చెప్తే ఇంటున్న సారూ. గని నీలం మంచిదని నా చెయ్యి రాయదు.”

నేను చక్కెర గురించి వివరించడం మొదలుపెట్టాను. మూడో అంశం దగ్గర లచ్చవ్వ అడ్డొచ్చి తాత వైపు తిరిగింది.

“ఏందయ్యా, బస్తాకు చిల్లు పడితె పసుపు ఏడ కనవడుతది?”

“కింద.”

“గొట్టంల కనవడేది గదే. పిల్లకెల్లి కారిపోతుంది. నీలమంటె చిల్లు లేదన్నట్టు.”

తాత గొట్టాన్ని గబుక్కున నా చేతికిచ్చి, పిల్ల మంచం దగ్గరికి పోయాడు. చిల్లు సంగతి ఆయనకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత పుస్తకంలో మూడే మాటలు: చిల్లు లేదు, చిన్న చిల్లు, పెద్ద చిల్లు. డాక్టరు గారు వాటిని చూసే మోతాదు నిర్ణయించేవారు, ఎప్పుడూ తేడా రాలేదు. ఒక సోమవారం ఒక గడిలో ఇలా ఉంది: ‘నీలం. చిల్లు లేదు. సరుకంత పిల్ల లోపల్నే ఉన్నది.’

తొమ్మిదో అంశాన్ని తిరగరాశాను: ‘కనిపించిన రంగు పేరు రాయాలి.’ ఉద్యోగం నుంచి దిగేదాకా నేను తయారుచేసిన ఏ కాగితంలోనూ ‘మంచి’ అనే మాట మళ్లీ పెట్టలేదు. ఆ మాటకు అర్థం రాసేవాడి దగ్గర ఒకటి, చదివేవాడి దగ్గర ఒకటి ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్నది రోగి.