రూత్ ఆంటీ పరామర్శలు

నిన్న కెనడాలో, మా కిచెనర్ ఊళ్లో, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కగానే కోడి సూపులో ఉడికిన సోయికూర వాసన చుట్టుముట్టింది. ఎవరింటిదో తెలియదు. నాకు మాత్రం రూత్ ఆంటీ గుర్తొచ్చారు. మా పక్క ఫ్లాట్‌లో ఉండిన యూదు పెద్దావిడ. పోయి రెండు చలికాలాలయింది. మనిషి నా భుజం దాకా రారు, ఆవిడ సూపు గిన్నె మాత్రం పెళ్లివారి గుండిగంత.

రోగిని చూడటానికి వెళ్లడం వాళ్ల మతంలో దేవుడి ఆజ్ఞ. అందుకని పై అంతస్తులో మంచం పట్టిన ముసలాయనకు రోజూ సూపు తీసుకెళ్లేవారు. ఆయనేమో ఆవిడ రేడియో మోత మీద మేనేజరుకు ఫిర్యాదులు చేయడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. గిన్నె మోయడానికి నేను. లిఫ్ట్‌లో ఉన్నంతసేపూ ఆవిడ తిట్లకు అద్దం మీద ఆవిరి పట్టేది. తలుపు తట్టేసరికి మొహం పున్నమి చంద్రుడు.

"ఇష్టం లేకుండా చేస్తే నటన కాదా ఆంటీ?" అన్నానొకసారి.

"ఆయన ఆకలి నటనా? ఇష్టం నా సొంత గొడవ. సూపు ఆయనది. గిన్నె వంచకు!"

ఒక సాయంత్రం ఆయన లేచి కూర్చుని, సూపులో ఉప్పు తక్కువన్నాడు. బయటికి రాగానే ఆంటీ గోడకు ఆనుకుని నవ్వారు. "వంక పెట్టాడు! ఇక బతుకుతాడు!" నవ్వుతూనే ఉన్నారు, కళ్లలో మాత్రం నయాగరా.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఐదారు గంటల ప్రయాణం దూరంలో, కనాటా అనే ఊళ్లో ఉండే మా అన్నయ్యకు గుండె ఆపరేషన్ అయింది. మాకు ఏళ్లుగా మాటల్లేవు. మా గృహప్రవేశానికి పిలుపు సరిగ్గా లేదని మొదలైన యుద్ధం. ఆడవాళ్లు రాజీపడ్డా మేం విరమించలేదు.

"ప్రేమ పుట్టినప్పుడు వెళ్తాను" అన్నాను ఆంటీతో.

"అప్పటికి అతను ఇంటికి వెళ్తాడో, ఇంకెక్కడికి వెళ్తాడో! కారు తియ్. మంచం కన్నా కిందుగా కూర్చో. రోగి మీదకి వంగి మాట్లాడకూడదు, అది మా పద్ధతి."

బండరాయిలాంటి మనసుతో, కెనడా మొత్తం దాటినట్టు డ్రైవ్ చేశాను. ఆసుపత్రి గదిలో పిల్లల బొమ్మంత స్టూలు కనిపిస్తే దానిమీద కూలబడ్డాను. మోకాళ్లు చెవులకు తగిలాయి. అన్నయ్య కిందికి చూశాడు.

"ఏరా, కుర్చీ ఉందిగా?"

"ఇక్కడే బాగుంది అన్నయ్యా."

"కప్పలా ఉన్నావురా" అని నవ్వబోయాడు. కుట్లు లాగాయి కాబోలు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి తగ్గాక కూడా వదల్లేదు. రమ్మంటే రాని నా మనసు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. నర్సు మాత్రం టిష్యూల పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఇప్పుడు ఎవరికైనా బాగోలేదని తెలిస్తే నా మనసును సలహా అడగను. అది ఇంకా పక్కమీద దొర్లుతుండగానే బయల్దేరతాను. చాలాసార్లు వెనకాలే వచ్చి చేరుతుంది. చేరని రోజున కూడా ఆ మంచం పక్కన ఒక మనిషి కూర్చునే ఉంటాడు.