చికెన్ అంగడి ముందు నలుగురు పెద్దలు

మా వంశంలో మగవాళ్లెవరూ దారి అడగరు. ఒకప్పుడు దారులన్నీ మా పొలాల్లోంచే పోయేవి. పొలాలు పోయినా ఆ అలవాటు పోలేదు. అందుకే నా తమ్ముడు కూతురి పెళ్లికి ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవకుండా ఫోన్‌లో లొకేషన్ పంపినా క్షమించాను. తాళి పడగానే తొలి అక్షింతలు పెదనాన్నగా నేనే వేయాలి మరి.

జమ్మలమడుగు నుంచి ఫోన్ చెప్పిన మలుపులన్నీ తిరిగి పులివెందుల చేరాను. గమ్యం వచ్చిందని అది ప్రకటించిన చోట చికెన్ అంగడి ఉంది. పట్టుపంచెల్లో మా చిన్నాన్న, ఆయన ఇద్దరు కొడుకులు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. కోడిమాంసం కొంటూ కొంటూ తమ్ముడు మండపం బదులు తానున్న చోటునే అందరికీ పంపాడన్నమాట. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"ఏం కావల్ల మామా?" అన్నాడు అంగడతను.

"కిలో కొట్టు," అన్నాడు చిన్నాన్న గంభీరంగా.

"పెండ్లికి పోతాండారు గదా? మండపం పక్క వీధిలోనే ఉండాది."

"మేం నిన్ను అడిగినామా?"

అంతలోనే పక్క వీధిలో గట్టిమేళం మోగింది. పిల్ల మెడలో తాళి పడింది. నేను చికెన్ అంగడి ముందు నుంచే చెయ్యెత్తి పిల్లను దీవించాను.