పట్టా మీద చెయ్యి

మా పెద్దమ్మ రైలు పట్టా దాటేముందు వంగి దాని మీద అరచెయ్యి ఆనించేది. సన్నగా వణుకు తగిలితే, "వస్తాంది. ఇంకా టైముందిలే నాయనా," అనేది. స్టేషన్ ఉన్నన్నాళ్లూ ఆ లెక్క తప్పలేదు. కంభం వైపు నుంచి వచ్చే పాసింజరు మా ఊళ్లో ఆగాలి గనక దూరం నుంచే నెమ్మదించేది. ఆమె సీతాఫలాల గంపతో నింపాదిగా పట్టాలు దాటి, ప్లాట్‌ఫారం ఎక్కి, గిద్దలూరుకు పోయేది.

ఎక్కేవాళ్లు చాలడం లేదని స్టేషన్ మూసేశారు. టికెట్లిచ్చే కిటికీకి రేకు కొట్టారు. ఇక ఆమె పట్టాలు దాటి రోడ్డెక్కి ఆటో చూసుకోవాల్సి వచ్చింది. ఆగని రైలు నెమ్మదించదని ఎన్నిసార్లు చెప్పానో. "నాకు తెలీదా ఏంది," అనేది. చేతికి మాత్రం పాత అలవాటే. ఆమె అటు వెళ్లాక హారన్ వినబడితే నా ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

ఒక రోజు నేనూ వెంట వెళ్లాను. ఆమె పట్టా తాకి, "టైముంది," అని అడుగు వేసింది. నడిమధ్యలో గంప ఒరిగి కాయలు దొర్లాయి. ఏరుకోవడానికి కూర్చుంది. అప్పుడే మలుపులో రైలు కనబడింది. రెక్క పట్టి లాగాను. ఇద్దరం కంకర మీద పడ్డాం. ఆఖరి బోగీ పోయేదాకా ఆమె అటే చూసింది.

"ఈడొక ఊరుందని కూడా తెలీనట్టు పోయిందే," అంది.

ఆ తర్వాత ఆమె పట్టాను తాకలేదు. దాటేటప్పుడు నా మణికట్టు పట్టుకునేది. రైలు ఎక్కడా లేకపోయినా, ఆ చెయ్యి సన్నగా వణుకుతూనే ఉండేది.