హోమ్ పేజీలో నర్సు

ఉప్పల్ చిలకానగర్‌లో మానసను ‘నర్సమ్మా’ అని పిలవడం ఆమె గల్లీలో ఈ మధ్యే మొదలైంది. తప్పు గల్లీవాళ్లది కాదు. నాచారంలో ఆమె పనిచేసే ఆసుపత్రి వెబ్‌సైట్ తెరిస్తే మొట్టమొదట కనిపించేది మానసే. లేత నీలం నర్సు డ్రెస్సు, ముడి వేసిన జుట్టు, మంచం మీది పేషెంటు చెయ్యి పట్టుకుని చల్లటి నవ్వు. చూసినవాళ్లు నర్సనక ఇంకేమంటారు?

నిజానికి మానస నర్సు కాదు. ఆ వెబ్‌సైట్‌ను దగ్గరుండి తయారు చేయించిన మనిషి.

చిన్నప్పుడు టైఫాయిడ్‌తో సర్కారు దవాఖానాలో పడుకున్నప్పుడు ఒక నర్సు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ ముఖం గుర్తులేదు, చెయ్యి మాత్రం గుర్తుంది. ఇంటర్ అయ్యేసరికి నర్సింగ్ సీటు కూడా సంపాదించింది. సరిగ్గా అప్పుడే మల్లాపూర్ ఫ్యాక్టరీలో తండ్రి బాలరాజు చెయ్యి మిషన్ కింద నలిగింది. హాస్టల్లో చేరాల్సిన పిల్ల ఈ ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంది. ఒక్క ఏడాదే కదా అనుకుంది. ఏడాదులదేముంది, అవి మనల్ని అడిగి పోతాయా! రిసెప్షన్ నుంచి కంప్యూటర్ గదికి, అక్కడి నుంచి ప్రచారం పనులకు జరుగుతూ జరుగుతూ కొత్త వెబ్‌సైట్‌కు ప్రాజెక్ట్ మేనేజర్ అయింది. డాక్టర్ల వెంటపడి వివరాలు రాబట్టడం, ఓపీ వేళలు పూటకోసారి మార్చే పెద్దమనుషులను ఒక మాట మీద నిలబెట్టడం, సైట్ తయారు చేసే జగన్ ప్రాణం తోడెయ్యడం, అన్నీ ఆమె పనే. పనిమంతురాలని పేరు. అయినా నర్సులు ట్రేలు పట్టుకుని వరండాలో నడుస్తుంటే ల్యాప్‌టాప్ మీద ఆమె చేతులు ఆగిపోయేవి. తండ్రి పోయాడు, వయసు గడిచింది, ఆ కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు.

ప్రాజెక్టు మొదట్లోనే ఆమె ఒక నియమం పెట్టింది. “కొన్న ఫోటోలొద్దు, మోడళ్లొద్దు. ఫోటోల జూసిన మనిషే వార్డుల కనవడాలె.” మీటింగులో అందరూ మెచ్చుకున్నారు.

ఫోటోల రోజు సీనియర్ నర్సు తారామణి రావాలి. ఆమె క్యాజువాలిటీలో చిక్కుకుపోయింది. కెమెరా పట్టుకున్న జగన్, ఆమె కోసం తెచ్చిన కొత్త నర్సు డ్రెస్సు చూపిస్తూ విసుక్కున్నాడు.

“అక్కా, వెల్తురు వోతున్నది. ఆ డ్రెస్సు ఏసుకోని జర నువ్వే నిలవడు. తర్వాత మారుస్త.”

“నేనా? నాకు బాగుంటదా జగన్?” అంటూనే మానస డ్రెస్సు చేతిలోకి తీసుకుంది. అది ఆమెకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అదే ఆమె కొంప ముంచింది.

తర్వాత మారుస్తామన్న ఫోటో మారలేదు. మార్చమని చెప్పాల్సింది మానసే మరి! జగన్ గుర్తుచేసినప్పుడల్లా “జూద్దాం తియ్యి” అనేది. సైట్ మొదలైన రోజు తల్లి శంకరమ్మ ఫోన్‌లో తనే తెరిచి చూపించింది. శంకరమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

“నిన్ను గీ డ్రెస్సుల జూడాలని మీ నాయిన మస్తు అనుకున్నడు బిడ్డా,” అని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆ ఫోన్ గల్లీ అంతా తిరిగింది.

ఒక ఆదివారం పొద్దున వెనకింటి దుర్గమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

“నర్సమ్మా, చెప్పు కొరికి పుండయ్యింది. షుగర్ గదా, మానుతలేదు. గల్లీల నువ్వున్నంక దవాఖానకు ఎందుకని పోలె. నీకు సెలవు దొరికేదాక ఆగిన.”

మానస కింద కూర్చుని ఆ కాలు ఒళ్లో పెట్టుకుంది. చెప్పుకోవడానికి సిగ్గుచేటే గానీ, ఆమెకు ముందు కలిగింది సంతోషం. నయం చెయ్యమని ఒక మనిషి తనను వెతుక్కుంటూ వచ్చింది! గుడ్డ విప్పేసరికి ఆ సంతోషం ఇగిరిపోయింది. వేలు నల్లబడింది, వాసన వస్తోంది. ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఆమెకు వచ్చిందల్లా ఫోటోలో నవ్వడమే.

“పెద్దమ్మా, నేను నర్సును గాను. ఆ ఫోటో ఉత్తదే. లే, దవాఖానకు వోదాం.”

“నర్సువు గాకపోతే గట్లెందుకు దిగినవ్?” అని ఆటోలో దుర్గమ్మ అడిగింది. కోపంతో కాదు, అర్థంకాక అడిగింది. మానస రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

క్యాజువాలిటీలో ఆ రోజు తారామణి ఉంది. పుండు కడిగింది, డాక్టర్‌ను పిలిచింది. వేలు తీసేయాలని, కాలు దక్కుతుందని, ఇంకా ఆలస్యమైతే అదీ దక్కేది కాదని డాక్టర్ చెప్పాడు. దుర్గమ్మ ఏడుస్తుంటే తారామణి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది. నవ్వలేదు. ఆ నిలబడటం చూస్తుంటే మానసకు అసూయ కలిగింది. కాసేపటికి ఇద్దరినీ అడిగి తన ఫోన్‌తో వాళ్ల ఫోటో ఒకటి తీసింది.

మర్నాడు దాన్ని జగన్‌కు పంపింది.

“గిది మసకగుంది అక్కా. నీదే మంచిగుండె,” అన్నాడు జగన్.

“ఉండనీ. గిదే వెట్టు.”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి శంకరమ్మ మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది.

“నీ ఫోటో తీసేసిన్రని అంటున్నరు. నా దాంట్ల ఉన్నది సూడు!” అంది సంబరంగా.

మానస ఫోన్ అందుకుంది. పాత పేజీ తెరిచింది తెరిచినట్టే ఉంది. వేలితో ఒక్కసారి కిందికి లాగితే చాలు, అది పోయి తారామణి వస్తుంది. ఆమె వేలు ఫోన్ అద్దం దాకా వెళ్లి ఆగింది. అక్కడ నీలం డ్రెస్సులో తను నవ్వుతోంది.

“అవునమ్మా, ఉన్నది,” అంటూ ఫోన్‌ను మెల్లగా తల్లి చేతిలో పెట్టింది. “జర పైలం. దాన్ని ముట్టకు.”