ఓడినవాణ్ణి తొక్కకూడదన్న ఇడెల్లా

మా క్లేబర్న్ మిల్స్‌లో ఇడెల్లా క్రచ్‌ఫీల్డ్ ముందు ఎవరూ గొంతు పెంచరు. పెంచేవారు కాదు అనాలి. ఆ డిసెంబరు తరవాత పెంచారు. ఆ సంగతి రాద్దామని కూర్చుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ముందు మనిషి గురించి చెప్తాను. ఇడెల్లా కలప మిల్లులో దుంగలు మోసినవాడి కూతురు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా ఊరి బళ్ళో లెక్కలు చెప్పింది. మనిషి పొట్టి, మాట సూటి. చర్చిలో పాస్టరు ప్రసంగం సాగదీస్తే చేతిగడియారం విప్పి, ఆడుతోందో లేదో అన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఆయన గబగబా ఆమెన్ అనేవాడు. పెళ్ళయి, భర్త పోయి, డెబ్బై దాటినా ఊరందరికీ ఆవిడ మిస్ ఇడెల్లాయే. అలబామాలో పెద్దావిడని అలాగే పిలుస్తారు.

భర్త హోయ్ట్ మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. కాలితో తన్నే ఆట కాదు లెండి. బంతిని చంకలో పెట్టుకుని, అడ్డం వచ్చినవాణ్ణి గుద్దుకుంటూ వెళ్ళి అవతలివాళ్ళ గీత దాటాలి. దాటితే టచ్‌డౌన్. మా జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఊరికి ఆదివారం దేవుడిదైతే శనివారం గాడిదలది.

హోయ్ట్ కొత్తగా కోచ్ అయిన ఏడు, పక్క జిల్లా కాలేజీ ఒకదాన్ని డెబ్బై పాయింట్లకి సున్నాతో చితక్కొట్టాడు. ఆ కాలేజీ తరఫున ఇడెల్లా తమ్ముడు డ్యూయీ ఆడుతున్నాడు. ఆట అయిపోవచ్చింది, ఫలితం ఎప్పుడో తేలిపోయింది, అయినా మావాళ్ళు ఆఖరి టచ్‌డౌన్ కూడా కొట్టారు. డ్యూయీ భుజం ఎముక విరిగింది. ఆ నెలలోనే థాంక్స్‌గివింగ్ విందు. చెయ్యి మెడకి కట్టుకుని వచ్చిన తమ్ముడు బావ మొహం చూడలేక పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇడెల్లా టర్కీ కోస్తున్న కత్తి బల్ల మీద పెట్టేసింది.

"గెలిచాక కూడా కొట్టేవాడు నా ఇంట్లో అన్నం తినడు హోయ్ట్. లేస్తావా, మాటిస్తావా?"

హోయ్ట్ మాటిచ్చాడు. ఆనాటి నుంచి మా జట్టుకి ఒక కట్టుబాటు. మనం రెండు టచ్‌డౌన్లు ముందుండి, ఆట చివరి నిమిషాల్లో ఉంటే, బంతి అందుకున్న కుర్రాడు పరిగెత్తకూడదు. అక్కడే మోకాలు నేలకి ఆనించాలి. మోకాలు ఆనిస్తే ఆట ఆగుతుంది, గడియారం ఆగదు. ఎవరికీ దెబ్బ తగలకుండా కాలం గడిచిపోతుంది. జనం దాన్ని హోయ్ట్ నియమం అనేవారు. పుట్టింది మాత్రం ఇడెల్లా వంటింట్లో. హోయ్ట్ పోయాక, అతని చేతికింద ఆడిన లామార్ డిస్‌మ్యూక్స్ కోచ్ అయ్యాడు. కట్టుబాటూ అలాగే నడిచింది. ప్రతి గురువారం లామార్ ఆవిడ ఇంట్లో భోంచేసేవాడు.

ఇప్పుడు ఆ ర్యాంకుల పాపిష్టి వ్యవహారం. మా ఆటలో ఛాంపియన్ ఎవరో మైదానం ఒక్కటే తేల్చదు. దేశం నిండా జట్లు, అందరూ అందరితో ఆడలేరు. అందుకని ఒక కమిటీ. ఎక్కడో మంచి హోటల్లో కూర్చుని, కాఫీలు తాగుతూ, ఎవరెంత గొప్పో నిర్ణయించి మంగళవారం మంగళవారం టీవీలో ర్యాంకులు చదువుతారు. ఆ రోజుల్లో, ఆఖరి ఆదివారం నాటికి మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్ళే ఛాంపియన్‌షిప్‌కి ఆడాలి. అయిదోవాడు ఎంత ఏడ్చినా అయిదోవాడే.

ఆ ఏడు మావాళ్ళు ఒక్క ఆట కూడా ఓడలేదు. మా తాతల నాటి నుంచి జరగని పని అది. బంతి అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ టేవియస్ గూల్స్‌బీ మా ఊరి పిల్లాడే, నర్సు రెనాటా కొడుకు. పొట్టివాడని డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లేవీ వాడివైపు కన్నెత్తి చూడలేదు. వాడికి కాలేజీలో అదే చివరి ఏడు.

డెల్రోజ్ కాలేజీతో ఆఖరి ఆటకి ముందు గురువారం ఇడెల్లా ఇంట్లో సింకు గొట్టం కారుతోందంటే వెళ్ళాను. వాళ్ళది మా పక్కిల్లే, నాది టైర్ల కొట్టు. గొట్టం బిగించి, ఆవిడ పెట్టిన కార్న్‌బ్రెడ్డూ బీన్సూ తింటున్నాను. ఎదురుగా లామార్ తినడం లేదు.

"అమ్మా, ఈ శనివారం ఒక్కటీ వదిలెయ్యండి."

"ఏం వదలాలిరా? బీన్సా?"

"మోకాలు."

లామార్ గడగడా చెప్పుకుపోయాడు.

"మొన్న మంగళవారం మనల్ని మూడు నుంచి నాలుక్కి దించారమ్మా. ఓడామా? లేదు. తక్కువ తేడాతో గెలుస్తున్నామంట."

"గెలుస్తున్నామని వాళ్ళే అంటున్నారుగా."

"గెలిస్తే చాలదట. చితకబాదాలట."

"ఎవడన్నాడు ఆ మాట?"

"ఆ మాట అనరు. సూట్లేసుకున్నవాళ్ళు అలా అంటారా? ఆధిపత్యం కనపడాలి అంటారు. వెనక అయిదో స్థానంలో వెస్ట్‌మార్క్ స్టేట్ కాచుక్కూర్చుంది. వాళ్ళొక ఆట ఓడారు, అయినా దొరికినవాణ్ణల్లా యాభైకి తక్కువ కాకుండా కొడుతున్నారు."

"డెల్రోజ్‌లో ఆడేదెవరురా? మనలాంటి ఊళ్ళ పిల్లలే కదట్రా? ఈ ఏడంతా ఒక్కటి గెలవలేదు వాళ్ళు. వాళ్ళని తొక్కి నువ్వు పైకెక్కుతావా?"

"టేవియస్ సంగతి చూడండమ్మా. వాడికింకో ఏడు లేదు."

"వాణ్ణే అడుగు."

"అడిగాను. మిస్ ఇడెల్లా ఎలా అంటే అలా అన్నాడు."

అప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. కోపం, భయం, రెండూ. "ఓడిపోమని చెప్పానా నేను? గెలవండి. గెలిచాక ఆగండి. ఆగినందుకు శిక్ష వేసేవాడు ఎవడో వాడి మొహం నేను చూస్తా," అంది. లామార్ తల దించుకుని తినేసి వెళ్ళిపోయాడు.

శనివారం మావాళ్ళు డెల్రోజ్ మీద రెండు టచ్‌డౌన్లు ముందున్నారు. చివరి నిమిషం. బంతి వాళ్ళ గీతకి నాలుగడుగుల్లో ఉంది. టేవియస్ తుమ్మినా దాటిపోతాడు. వాడు బంతి అందుకుని మోకాలు ఆనించాడు. డెల్రోజ్ కుర్రాళ్ళు లేచి వాడి చేతులు పట్టుకుని ఊపారు. అదే సాయంత్రం వెస్ట్‌మార్క్ వాళ్ళు, అప్పటికే నలభై పైగా ముందుండి, గడియారం అయిపోతుండగా ఇంకొకటి కొట్టారు. కొట్టి, కెమెరా ముందు వేలు పైకెత్తి చూపించారు.

మర్నాడు చర్చి అవగానే ఊరంతా కాలేజీ జిమ్‌లో పెద్ద తెర ముందు చేరింది. ఒకటి, రెండు, మూడు చదివారు. నాలుగు దగ్గర ఆగి ప్రకటనలు వేశారు. మా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మేం ట్రక్కుల ప్రకటన చూశాం. తరవాత చదివారు. వెస్ట్‌మార్క్ స్టేట్.

కమిటీ పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి పళ్ళు. "క్లేబర్న్ మంచి జట్టే. కానీ ప్రత్యర్థిని పూర్తిగా ముగించే పట్టుదల వాళ్ళలో మాకు కనిపించలేదు," అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఆగిన పిల్లవాడికి పట్టుదల లేదట! ఓడనివాడు బయట, ఓడినవాడు లోపల. దీన్ని ఆట అంటారా? అందాల పోటీ అంటారు మా ఊళ్ళో. టేవియస్ తెర వంక చూస్తూనే ఉన్నాడు. పక్కనున్న పిల్లలు ఏడుస్తుంటే వాడు వాళ్ళ వీపులు నిమిరాడు.

కమిటీవాళ్ళు దొరకరు కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు మావాళ్ళు. వారం తిరక్కముందే నా కొట్లో టైర్లు మార్పించుకునేవాళ్ళు కూడా మొదలెట్టారు.

"ముసలావిడ ధర్మబుద్ధి మన కొంప ముంచింది."

"ఆవిడ తమ్ముడికి ఎప్పుడో ఎముక విరిగితే మనమా అనుభవించేది?"

"నువ్వు జన్మలో ఒక్కసారైనా బంతి ముట్టుకున్నావురా, మాట్లాడుతున్నావు?" అని నేను అరిస్తే ఒకడు సగం బిగించిన చక్రంతోనే వెళ్ళిపోతానన్నాడు. పొమ్మన్నాను.

రెనాటా మాత్రం నా దగ్గరికి రాలేదు. తిన్నగా ఆవిడ ఇంటికే వెళ్ళింది. వరండాలో నిలబడి అందరికీ వినపడేలా అడిగింది.

"మిస్ ఇడెల్లా, మీ నియమం మంచిదే. మీ తమ్ముడు మంచోడే. నా కొడుకు చేసిన తప్పేంటి?"

"ఏమీ లేదమ్మా."

"మరి వాడికెందుకు శిక్ష?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"మీరు అడుగుతూ కూర్చోండి. వాడు రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు," అని మెట్లు దిగిపోయింది. మిస్ ఇడెల్లా ఆమె వెనకాల రెండు మెట్లు దిగి ఆగిపోయింది. ఎవరి ముందూ మాటకి తడుముకోని మనిషి.

ఓదార్పుకి మాకొక ఆట పారేశారు, జనవరి మొదట్లో. దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో. అవతల హాకిట్ అనే చిన్న కాలేజీ. వాళ్ళలో సగం మంది దెబ్బలతో ఉన్నవాళ్ళే. మా ఊరి బస్సులన్నీ బయల్దేరాయి. మిస్ ఇడెల్లా కూడా వచ్చింది. ఎప్పట్లాగే మా జట్టు బెంచీ వెనక మొదటి వరసలో కూర్చుంది. పక్క సీట్లో ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చున్నాను.

మావాళ్ళు ఆడలేదు, కసి తీర్చుకున్నారు. చివరి నిమిషానికి అయిదు టచ్‌డౌన్లు ముందున్నాం. బంతి మళ్ళీ వాళ్ళ గీత దగ్గరే ఉంది. జనం లేచి నిలబడ్డారు. "ఎక్కించు! ఎక్కించు!" నా వెనక పాస్టరే అరుస్తున్నాడు. లామార్ ఒక్కసారి మా వైపు చూశాడు. చూసి, మైదానం వైపు తిరిగి, చేత్తో ముందుకి అని సైగ చేశాడు.

"ఒరే లామార్! వద్దురా! లామార్!"

మిస్ ఇడెల్లా ముందున్న కమ్మీ పట్టుకుని అరుస్తోంది. పక్కనున్న నాకే సరిగా వినిపించలేదు, ఇంక వాడికేం వినిపిస్తుంది? టేవియస్ నడుచుకుంటూ వెళ్ళినంత తేలిగ్గా గీత దాటాడు. టోపీలు గాల్లోకి లేచాయి. ఆవిడ కూర్చుండిపోయింది.

ఆటలన్నీ అయ్యాక పత్రికలవాళ్ళు వేసే ఆఖరి ర్యాంకులు వచ్చాయి. వాటితో ఎవరికీ ఏ ఆటా దక్కదు, పేరే. వాటిలో మా క్లేబర్న్ నాలుగు. చివరి క్షణం దాకా తగ్గని పట్టుదల చూపించారని మెచ్చుకున్నారు కూడా. నాకు చేతిలో కాగితం చింపెయ్యాలనిపించింది. మావాళ్ళేమో కార్ల హారన్లు మోగించుకుంటూ ఊరంతా తిరిగారు. ఊరి మొదట్లో పెద్ద బోర్డు పెట్టించాడు మేయరు. దేశంలో నాలుగో జట్టు అని, కింద ఆటగాళ్ళందరి పేర్లూ. దాని మీద కప్పిన గుడ్డ లాగడానికి మిస్ ఇడెల్లా వస్తే బాగుంటుందని, పక్కింటివాణ్ణి కదా అని, నన్ను పంపారు.

వెళ్తే వరండాలో టేవియస్ ఉన్నాడు. ఇద్దరూ పెకాన్ కాయలు వలుస్తున్నారు. వాడు నన్ను చూసి కూడా చెబుతున్న మాట ఆపలేదు.

"హాకిట్ వాళ్ళ ముందు వరసలో ఒకడు నన్ను ఆపగలిగేవాడే, మిస్ ఇడెల్లా. నా కాలు వాడి చేతికందింది. పట్టుకోలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు."

"ఏమన్నా అన్నాడా?"

"అన్నాడు. 'మీరు మోకాలు ఆనిస్తారని విన్నాం. సర్లే, నువ్వూ అందరిలాగే కానియ్' అన్నాడు."

మిస్ ఇడెల్లా చేతిలో కాయ పళ్ళెంలో వేసేసింది. "ఆ కమిటీ వెధవలు నీ దగ్గర లాక్కున్నది ఆట ఒక్కటే అనుకున్నాన్రా," అంది. ఆవిడ నోట వెధవ అనే మాట నేను వినడం అదే మొదలు. తరవాత నా వైపు తిరిగింది.

"గుడ్డ లాగడానికి రమ్మనేగా వచ్చావు?"

"అవునండీ."

"ఆ కుర్రాడి పేరు కనుక్కో. బోర్డు మీద మనవాళ్ళ పేర్లకన్నా పైన రాయించు. అప్పుడొస్తా."

వెనక్కి వెళ్ళి ఆ మాట అందరి ముందూ చెప్పాను. బ్యాండువాళ్ళు వాయించడం ఆపారు. మేయరు బోర్డు వంక చూసి, చోటు లేదన్నాడు.